మేడ మీది యాంటెన్నా, బంగారు యాంటెన్నా

మొన్న సెలవులకి ఇంటికెళ్తే తాతయ్య "ఏం చదువుతున్నావురా ఈ మధ్య?" అని అడిగారు. "నానో యాంటెన్నాల గురించి తాతయ్యా" అన్నాను. "మన మేడ మీద ఉండేదే కదా! గాలికి తిరిగిపోతే నేనే ఎక్కి సరిచేసేవాణ్ణి" అన్నారు. "అది కాదులే" అనబోయి ఆగాను. నిజానికి అదే!

టీవీ తరంగం తగలగానే యాంటెన్నా కడ్డీలో ఎలక్ట్రాన్లు అటూ ఇటూ ఊగుతాయి. తరంగం ఎంత పొడవుంటే కడ్డీ దానికి తగ్గట్టు ఉండాలి. కాంతి కూడా అలాంటి తరంగమే, కానీ చాలా పొట్టిది. ల్యాబుల్లో తరచుగా వాడే ఒక లేజర్ తరంగం పొడవు 800 నానోమీటర్లు. దాన్ని పట్టే బంగారు యాంటెన్నా వంద, రెండొందల నానోమీటర్లు ఉంటే చాలు. మన వెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు!

బంగారంలోంచి ఒక ఎలక్ట్రాన్ బయటికి రావాలంటే సుమారు 5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఈ లేజర్‌లో ఒక ఫోటాన్ దగ్గర ఉన్నది 1.55 మాత్రమే. అయితే యాంటెన్నా మొన దగ్గర కాంతి బలం పోగుపడుతుంది. అక్కడ నాలుగు ఫోటాన్లు కలిసి ఒక ఎలక్ట్రాన్‌ని బయటికి నెట్టగలవు. బలం ఇంకా పెరిగితే, ఎలక్ట్రాన్‌ని ఆపే గోడే పలచబడి, అది అందులోంచి జారుకుంటుంది. లేజర్ మెరుపు కొన్ని ఫెమ్టోసెకన్లే ఉంటే, ఎలక్ట్రాన్లు బయటికొచ్చేదీ ఆ కాసేపే. సెకనులో ఫెమ్టోసెకను ఎంతంటే, సుమారు 3 కోట్ల 17 లక్షల ఏళ్ళలో ఒక సెకను ఎంతో అంత.

ఇదంతా ఎందుకు? తిరిగే ఫ్యాన్‌ని ఫోటో తీస్తే రెక్కలు అలుక్కుపోతాయి. ఫ్లాష్ ఎంత పొట్టిదైతే బొమ్మ అంత స్పష్టం. అణువుల్లో పరమాణువులు కదిలేది ఫెమ్టోసెకన్ల లెక్కలోనే, కాబట్టి వాటిని చూడ్డానికి ఇలాంటి ఎలక్ట్రాన్ ఫ్లాష్ కావాలి. చిక్కేమిటంటే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, గుంపు పెద్దదైతే పల్స్ సాగిపోతుంది. పోనీ అని లేజర్ బలం పెంచితే బంగారు మొన కరిగిపోవచ్చు. అందుకే ఒకే చిప్ మీద చాలా యాంటెన్నాలు పేర్చి, ఒక్కోదాన్నుంచి కొద్దికొద్దిగా తీసుకుంటారు.

కంప్యూటర్ సైన్స్ వాడిగా నన్ను పట్టేసిన లెక్క ఇంకోటుంది. 5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక్క టిక్ కొట్టేలోపు ఈ కాంతి దాదాపు 75 వేల సార్లు ఊగుతుంది. 2005 ప్రాంతం నుంచి వేడి వల్ల మన క్లాక్ స్పీడ్ పెద్దగా ముందుకెళ్ళలేదు. కాంతి ఊపుకే ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్ రేపే ల్యాప్‌టాప్‌లోకి రాదు గానీ, దారి మాత్రం అక్కడుంది.

అంతా విని తాతయ్య "మరి ఇది కూడా తిరిగిపోతే పనిచేయదా?" అన్నారు.

చేయదు! కాంతి ఊగే దిశలో యాంటెన్నా లేకపోతే ఎలక్ట్రాన్లు దాదాపు రావు. దాని పేరే పోలరైజేషన్. పరీక్షలో ఇంగ్లీషులో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఆరోజు, తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడే.