పట్టేసిన మోటారు సైకిలు ఇంజను

పిస్టను సిలిండరు గోడలకు అతుక్కుపోయి, క్రాంక్ షాఫ్టు తిరగకుండా బిగుసుకుపోవడాన్ని ఇంజను పట్టేయడం అంటారు. మెకానిక్కులు దీనినే "సీజ్ అయింది", "జామ్ అయింది" అని వ్యవహరిస్తారు. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన పాత మోటారు సైకిళ్లను పునరుద్ధరించేవారికి తరచుగా ఎదురయ్యే సమస్య ఇది. ఓపికతో ప్రయత్నిస్తే ఇటువంటి ఇంజనులలో చాలావాటిని భాగాలు విరగకుండా విడిపించవచ్చు.

ఈ వ్యాసంలో పోత ఇనుప ఇంజను గల పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350ని ఉదాహరణగా తీసుకోవడం జరిగింది. ఇంగ్లండులో రూపొందిన ఈ బండి 1955 నుండి మద్రాసులో తయారైంది. దీని సిలిండరు లోపలి వ్యాసం 70 మి.మీ., పిస్టను కదిలే దూరం 90 మి.మీ., ఇంజను పరిమాణం 346 ఘ.సెం.మీ.

కారణాలు

ఇంజను రెండు విధాలుగా పట్టేస్తుంది.

1. నడుస్తుండగా పట్టేయడం: నూనె చాలకపోయినా, ఇంజను అతిగా వేడెక్కినా ఇది జరుగుతుంది. వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. అందువలన అల్యూమినియం పిస్టను ఇనుప సిలిండరులో బిగుసుకుపోతుంది. అప్పుడు వెనుక చక్రం హఠాత్తుగా ఆగి బండి జారిపడే ప్రమాదముంది. వెంటనే క్లచ్ పట్టుకోవడమే రక్షణ.

2. నిలిచి ఉండగా పట్టేయడం: బండిని ఆపినప్పుడు వాల్వు తెరుచుకుని ఉంటే, సైలెన్సరు గుండా తేమగాలి సిలిండరులోకి చేరుతుంది. పిస్టను రింగుల వద్ద తుప్పు ఏర్పడి అంటుకుపోతుంది. పాత బండ్లలో సాధారణంగా కనిపించేది ఇదే.

నిర్ధారణ

కిక్కు కదలనంత మాత్రాన పిస్టను పట్టేసిందని అనుకోరాదు. గేరు బాక్సు, ప్రైమరీ చైను, కిక్కు పళ్లు కూడా బిగుసుకుపోయి ఉండవచ్చు. బండిని న్యూట్రల్‌లో ఉంచి, ప్లగ్గు తీసి, ఒక్కొక్క భాగాన్ని విడిగా పరీక్షించాలి. ప్లగ్గు రంధ్రం గుండా టార్చి వెలుగులో చూస్తే తుప్పు ఎంత ఉన్నదీ కొంతవరకు తెలుస్తుంది.

విడిపించే విధానం

నానబెట్టడం: ప్లగ్గు రంధ్రం గుండా తుప్పు వదిలించే నూనెను గానీ, డీజిలును గానీ పోసి కొన్ని రోజులు ఉంచాలి. నూనె ఇంకిపోతే మళ్లీ పోయాలి. బుల్లెట్ సిలిండరు దాదాపు నిలువుగా ఉండడం వలన నూనె పిస్టను మీద నిలిచి, అంచుల గుండా రింగుల వరకు దిగుతుంది. జావా, యెజ్డీ వంటి టూ స్ట్రోకు ఇంజనులలో పిస్టను కింది భాగాన ఆగి ఉంటే, పోసిన నూనె పోర్టుల గుండా బయటికి పోతుంది.

కదిలించడం: బండిని పై గేరులో ఉంచి, వెనుక చక్రాన్ని ముందుకూ వెనుకకూ కొద్దికొద్దిగా ఊపాలి. చక్రం నుండి క్రాంక్ షాఫ్టుకు ఎక్కువ బలం అందేది పై గేరులోనే. ఒక వైపే బలంగా తిప్పడం కంటే రెండు వైపులా ఊపడం వలన తుప్పు పొడిగా రాలుతుంది. కిక్కు మీద ఎక్కి తొక్కితే కిక్కు పళ్లు విరుగుతాయి.

హెడ్ విప్పి ప్రయత్నించడం: పై పద్ధతి ఫలించకపోతే హెడ్ విప్పాలి. సిలిండరు లోపలి వ్యాసానికి కొద్దిగా తక్కువైన గట్టి చెక్క దిమ్మెను పిస్టను మీద ఆనించి, చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. ఇనుప సుత్తి వాడరాదు. పిస్టను పూర్తిగా పైన గానీ, పూర్తిగా కింద గానీ ఆగి ఉంటే తట్టడం వ్యర్థం. ఆ స్థితిలో కనెక్టింగ్ రాడ్, క్రాంకు ఒకే రేఖలో ఉంటాయి కనుక దెబ్బ క్రాంకును తిప్పక నేరుగా బేరింగులకు తగులుతుంది. అప్పుడు సిలిండరునే మెల్లగా పైకి లాగవలసి ఉంటుంది. సిలిండరు రెక్కలు పెళుసు కనుక వాటిని కొట్టరాదు.

గ్రీజు పద్ధతి: హెడ్ విప్పకుండానే ప్లగ్గు రంధ్రానికి గ్రీజు నిపుల్ అమర్చి, సిలిండరును గ్రీజుతో నింపి పంపు కొడతారు. ముందుగా రెండు వాల్వులూ మూసి ఉండేలా చూడాలి. 70 మి.మీ. పిస్టను వైశాల్యం సుమారు 38.5 చ.సెం.మీ. చ.సెం.మీ.కు 100 కిలోల పీడనం కలిగినా పిస్టను మీద 3,850 కిలోల బలం పడుతుంది. పరిమితి మించితే పిస్టను పగులుతుంది. గ్రీజుకు బదులు గాలి పీడనం వాడడం ప్రాణాపాయం.

జాగ్రత్తలు

నూనెలు పోసిన ఇంజనును మంటతో వేడి చేయరాదు. భారతదేశంలో ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రంలో నమోదై ఉంటుంది. ఆ నంబరు క్రాంక్ కేసు మీద చెక్కబడి ఉంటుంది. మొరటు దెబ్బకు క్రాంక్ కేసు పగిలితే, లోహంతో పాటు బండి గుర్తింపు కూడా చిక్కుల్లో పడుతుంది.

విడిపించిన తరువాత

ఇంజను తిరిగింది కదా అని వెంటనే స్టార్టు చేయరాదు. రాలిన తుప్పు సిలిండరు గోడలను గీస్తుంది, నూనెలో కలిసి బేరింగులను అరగదీస్తుంది. ఇంజను విప్పి, శుభ్రం చేసి, రింగులనూ బేరింగులనూ పరీక్షించాలి. సిలిండరు మీద గుంటలు లోతుగా ఉంటే రీబోరింగ్ చేయించి, తగిన పెద్ద సైజు పిస్టను వేయాలి. పాత నూనె పూర్తిగా తీసి కొత్తది పోసి, ప్లగ్గు లేకుండా ఇంజనును పలుమార్లు తిప్పి, నూనె అన్ని భాగాలకూ అందుతున్నదని నిర్ధారించుకున్న తరువాతనే స్టార్టు చేయాలి.

నివారణ

బండిని చాలాకాలం నిలిపి ఉంచవలసి వస్తే, ప్లగ్గు రంధ్రంలో కొద్దిగా ఇంజను నూనె పోసి, కిక్కును నెమ్మదిగా కొన్నిసార్లు తిప్పాలి. రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ఆపి, సైలెన్సరు చివరను గుడ్డతో మూయాలి. నెలకొకసారి ఇంజనును చేతితో తిప్పుతూ ఉంటే రింగులు ఒకే చోట అంటుకుపోవు.