చిట్టీలో ఉన్న పాలు బిల్లులో ఏమయ్యాయి?

"చిట్టీల ఆరు లీటర్లున్నయ్ బిడ్డా. బిల్లుల లెవ్వు. మరి నేను తాగిన్నా ఆ పాలు?"

పండక్కి ఊరికెళ్తే మా పెద్దనాయిన అడిగిన మొదటి మాట ఇది. మాది నారాయణఖేడ్ దగ్గర చిన్న ఊరు. ఇంకాస్త ముందుకెళ్తే కర్ణాటక వచ్చేస్తుంది. పెద్దనాయినకి రెండు బర్రెలు. పొద్దున, సాయంత్రం ఊళ్లో పాల కేంద్రంలో పాలు పోస్తాడు. మెషిన్ వెన్న శాతం చూసి, లీటర్లు లెక్కగట్టి చిన్న చిట్టీ ఇస్తుంది. పదిహేను రోజులకోసారి బిల్లు. ఆ బిల్లులో అప్పుడప్పుడూ ఒక పూట పాలు మాయమవుతున్నాయి. ఒక పూట అంటే రెండొందల పైమాటే.

ఊళ్లో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. సెంటర్ నడిపే అన్నే ఏదో చేస్తున్నాడని. ఆయనేమో మెషిన్‌లో నొక్కి చూపిస్తున్నాడు: "ఇదో చూడుండ్రి, మీ లెక్క కరెక్టే ఉన్నది." నిజమే, స్క్రీన్ మీద సరిగ్గానే ఉంది. చిట్టీ మీదా సరిగ్గానే ఉంది. మెమరీ కార్డు తీసుకెళ్లి ఆఫీసులో బిల్లు కొట్టిస్తే మాత్రం తక్కువ వస్తోంది.

నాకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఎందుకంటే ఆ మెషిన్ లోపలి బోర్డుకి కోడ్ రాసే చిన్న కంపెనీలోనే నా మొదటి ఉద్యోగం. పేరెందుకులెండి.

పెద్దనాయిన దగ్గర ఒక బిస్కెట్ డబ్బా ఉంది. చిట్టీలన్నీ అందులోనే దాస్తాడు. బిల్లుతో పోల్చుకుంటూ కూర్చుంటే రెండు విషయాలు తేలాయి. ఒకటి, పోతే పూట మొత్తం పోతోంది, సగం పోవడం లేదు. రెండు, పోయినవన్నీ ఆయన ఆలస్యంగా వెళ్లిన పూటలే. పొలం నుంచి వచ్చి, సెంటర్ మూసే టైమ్‌కి ఉరుక్కుంటూ వెళ్లి పోసిన పాలు. పక్కింటి పిన్ని చిట్టీలు చూస్తే అక్కడా అదే కథ. దొంగ అయితే చివర వచ్చినవాళ్లనే ఎందుకు ఎంచుకుంటాడు?

జేబులో ఆ సెంటర్ కార్డు కాపీ పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కా. జోగిపేట, సంగారెడ్డి దాటి, కంది దగ్గర ఐఐటీ గేటు కనిపించేదాకా బుర్రలో ఇదే తిరిగింది. ఆ గేటు దాటాక ఒక ప్రశ్న తట్టింది. పాత బోర్డు ఏళ్ల తరబడి బాగానే పనిచేసింది కదా, కొత్త బోర్డులో మారిందేంటి?

మారింది చిప్పు. 2021లో ప్రపంచమంతా చిప్పుల కరువు వచ్చింది, గుర్తుందా? కార్లు కూడా నెలల తరబడి ఆగిపోయాయి. మేం వాడే చిప్పు దొరక్క ఇంకోటి పెట్టాం. పాతదాంట్లో ఉన్నది ఆర్మ్ వాళ్ల కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్. కొత్తదాంట్లో కార్టెక్స్-ఎం7. స్పీడు ఎక్కువ, పాత కోడ్ పెద్దగా మార్పుల్లేకుండా నడుస్తుంది. అందరం సంతోషించాం. ఒక్క తేడా ఎవరమూ పట్టించుకోలేదు: మా పాత చిప్పులో డేటా క్యాష్ లేదు, కొత్తదాంట్లో ఉంది.

జేబులో నోట్‌బుక్, బల్ల మీద రిజిస్టర్

ఈ క్యాష్ డబ్బుల క్యాష్ కాదు. ఫోన్ సెట్టింగ్స్‌లో 'క్లియర్ క్యాష్' అని నొక్కుతామే, అదీ కాదు. అది యాప్‌లు దాచుకున్న ఫైళ్లు. ఇది ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, చాలా వేగమైన మెమరీ. మీ ఫోన్‌లో అయితే ర్యామ్ నుంచి ఒక సంఖ్య తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. పక్కనే ఉన్న క్యాష్‌లో దొరికితే ఒకటో రెండో చాలు. అందుకే ప్రాసెసర్ వాడేవన్నీ క్యాష్‌లో కాపీ పెట్టుకుంటుంది. మార్పులు కూడా ముందు అక్కడే రాసుకుంటుంది. ర్యామ్‌లోకి తర్వాత, చోటు అవసరమైనప్పుడు దించుతుంది.

సెంటర్ అన్ననే ఊహించుకోండి. బల్ల మీద పెద్ద రిజిస్టర్ ఉంది, అది ర్యామ్. జేబులో చిన్న నోట్‌బుక్ ఉంది, అది క్యాష్. రద్దీలో ప్రతిసారీ రిజిస్టర్ తిరగేయకుండా నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. దాంట్లో జాగా అయిపోయినప్పుడు పాత పేజీలు రిజిస్టర్‌లోకి ఎక్కించి, కొత్తవి రాస్తాడు. ఆయన ఒక్కడే ఉన్నంతసేపు ఏ గొడవా లేదు. ఎవరడిగినా ముందు నోట్‌బుక్ చూసే చెబుతాడు కాబట్టి లెక్క ఎప్పుడూ కరెక్టే.

ఇప్పుడు ఆఫీసు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. వాడికి నోట్‌బుక్ సంగతే తెలీదు. రిజిస్టర్‌ని ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. నోట్‌బుక్‌లో ఉండిపోయిన చివరి నలుగురి లెక్క ఆ ఫోటోలో పాతదే.

ఆ కుర్రాడి పేరు డీఎంఏ, అంటే డైరెక్ట్ మెమరీ యాక్సెస్. మెమరీ కార్డుకి డేటా పంపాలంటే ప్రాసెసర్ ఒక్కో బైటూ మోయాల్సిన పనిలేదు. 'ర్యామ్‌లో ఫలానా చోట బఫర్ ఉంది, తీసుకెళ్లు' అని చెబితే డీఎంఏ నేరుగా ర్యామ్ నుంచి ఎత్తుకుపోతుంది. మా చిప్పులో డీఎంఏకి క్యాష్ కనిపించదు. కాబట్టి పంపే ముందు 'నోట్‌బుక్‌లో ఉన్నదంతా రిజిస్టర్‌లో ఎక్కించు' అని డ్రైవరే చెప్పాలి. దాన్ని క్యాష్ క్లీన్ చేయడం అంటారు. మా డ్రైవర్‌లో ఆ లైను లేదు. ఎం4లో ఆ అవసరం రాలేదు మరి.

ఇక మిగతాదంతా దానంతటదే తేలిపోయింది. క్యాష్ బైటు బైటుగా పనిచేయదు, 'లైన్'లుగా పనిచేస్తుంది. ఎం7లో ఒక లైను 32 బైట్లు. మేం ఒక్కో రైతుకి కేటాయించిన రికార్డు కూడా సరిగ్గా 32 బైట్లే. అంటే ఒక లైనుకి ఒక రైతు. కార్డు మీద 512 బైట్ల సెక్టర్‌లో 16 మంది రైతులు. పూట మొదట్లో వచ్చినవాళ్ల లైన్లు, తర్వాత జరిగే డిస్‌ప్లే, ప్రింటర్ పనుల ఒత్తిడికి క్యాష్ నుంచి ర్యామ్‌లోకి దిగిపోయేవి. చివర వచ్చినవాళ్లవి క్యాష్‌లోనే ఉండగా అన్న 'క్లోజ్' బటన్ నొక్కేవాడు. డీఎంఏ వచ్చి ర్యామ్‌లో ఉన్న పాత మొత్తాన్నే కార్డు మీద రాసేది.

స్క్రీన్ మీద సరిగ్గా ఎందుకు కనిపించిందంటే, స్క్రీన్‌కి చూపించేది ప్రాసెసర్. అది చూసేది క్యాష్. మా కోడ్‌లో రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూసే చెక్ కూడా ఉండేది. అదీ పాసయ్యేది! కార్డు నుంచి వచ్చిన తప్పు డేటా ర్యామ్‌లో పడుతుంది, ప్రాసెసర్ మాత్రం తన క్యాష్‌లోని మంచి కాపీని చూసి 'ఓకే' అంటుంది. మెషిన్ ఆపేసి మళ్లీ ఆన్ చేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి క్యాష్ ఖాళీ, మంచి కాపీ పోయినట్టే. ఆఫీసులో మేం చేసిన టెస్టులో స్క్రిప్టు వందల ఎంట్రీలు కొట్టేది. చివరి నాలుగూ ఎవరమూ కార్డు తీసి చూడలేదు.

బాగుచేయబోయి నేను చేసిన తప్పు

రాసే ముందు క్లీన్ చేసే లైను పెట్టా. పని అయిపోయింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

చదివేటప్పుడు కూడా ఇలాంటి చిక్కే, తిరగేసి ఉంటుంది. కార్డు నుంచి కొత్త డేటా ర్యామ్‌లోకి వస్తుంది, ప్రాసెసర్ నోట్‌బుక్‌లో పాతది ఉంటుంది. ఇక్కడ నోట్‌బుక్ పేజీ కొట్టేయాలి. దీన్ని ఇన్‌వ్యాలిడేట్ అంటారు. సరే అని, కార్డు నుంచి చదివే ప్రతిచోటా ఇన్‌వ్యాలిడేట్ పెట్టేశా.

రెండు రోజులకి ఫోన్. "తమ్మీ, 41వ నంబర్ చిట్టీ రెండుసార్లు వచ్చింది."

ఆవు పాలు వచ్చినప్పుడు మెషిన్ కార్డు నుంచి ఆవు రేట్ల పట్టిక చదువుకుంటుంది. ఆ పట్టిక కోసం పెట్టిన బఫర్ 32 బైట్ల హద్దు దగ్గర మొదలవ్వలేదు. లైను మధ్యలో మొదలైంది. అదే లైనులో ముందు భాగంలో చిట్టీ నంబర్ దాచే వేరియబుల్ ఉంది. పట్టిక కోసం నేను లైను మొత్తం కొట్టేస్తే, పక్కనున్న చిట్టీ నంబర్‌లో అప్పుడే జరిగిన మార్పూ దాంతోపాటే పోయింది. లైనులో ఒక ముక్కని మాత్రం కొట్టేయడం కుదరదు. కొడితే లైనంతా.

ఆ తప్పు పూర్తిగా నాదే. డీఎంఏ బఫర్ ఎప్పుడూ లైను హద్దు దగ్గర మొదలై, లైను హద్దు దగ్గరే ముగియాలి. పక్కన ఇంకెవరూ కాపురం ఉండకూడదు. చిప్ తయారీదార్ల మాన్యువల్స్‌లో ఇది రాసే ఉంటుంది. చదవలేదు, అంతే.

మీ జేబులో ఉన్నదాంట్లో

ఇది పాల మెషిన్ కథే అనుకోకండి. మీ ఫోన్‌లో ఫోటో తీసిన ప్రతిసారీ లోపలి స్టోరేజ్ డ్రైవర్ ఈ పని చేయాల్సి రావచ్చు. చాలా పీసీల్లో ఈ బాధ లేదు. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో డీఎంఏ జరుగుతుంటే హార్డ్‌వేరే క్యాష్‌ని సరిచూసుకుంటుంది. విండోస్ డ్రైవర్లు రాసేవాళ్లకి 'కేఈ ఫ్లష్ ఐఓ బఫర్స్' అనే పిలుపు ఉంది. పీసీ ప్రాసెసర్ మీద అది ఏమీ చేయదు, ఖాళీ. అందుకే పీసీ మీద మాత్రమే పరీక్షించిన డ్రైవర్‌లో ఈ తప్పు ఏళ్లకేళ్లు బయటపడకుండా ఉండగలదు. ఆర్మ్ చిప్పుల్లో మాత్రం చిప్పుని బట్టి, పరికరాన్ని బట్టి ఉంటుంది. కొన్నింటికి హార్డ్‌వేర్ చూసుకుంటుంది, కొన్నింటికి డ్రైవర్ చెప్పాలి.

ఆండ్రాయిడ్ కింద ఉన్న లినక్స్‌లో డ్రైవర్ 'క్లీన్', 'ఇన్‌వ్యాలిడేట్' అని నేరుగా అనదు. బఫర్‌ని 'మ్యాప్' చేస్తూ దిశ చెబుతుంది: పరికరానికి వెళ్తోందా, పరికరం నుంచి వస్తోందా, రెండూనా. ఏది చేయాలో కెర్నల్ చూసుకుంటుంది. అవసరం లేని చిప్పు మీద ఏమీ చేయదు. మ్యాప్ చేసిన క్షణం నుంచి అన్‌మ్యాప్ చేసేదాకా ఆ బఫర్ పరికరానిది. మధ్యలో ప్రాసెసర్ ముట్టుకోకూడదు. నాకు ఇది భలే నచ్చింది. అసలు ప్రశ్న క్యాష్ గురించి కాదు, 'ఇప్పుడు ఈ బఫర్ ఎవరి చేతిలో ఉంది' అని.

ఫోన్ ప్రాసెసర్లు ఇంకో మెలిక పెడతాయి. అడక్కుండానే, ముందుముందు అవసరమవుతుందేమో అని ఊహించి ర్యామ్ నుంచి డేటా లాక్కుంటాయి. డీఎంఏ ఇంకా రాస్తుండగానే పాత ముక్క క్యాష్‌లోకి వచ్చేయొచ్చు. అందుకే కార్డు నుంచి చదివేటప్పుడు మొదలుపెట్టే ముందొకసారి, అయ్యాక ఇంకోసారి, క్యాష్ సరిచేయాల్సి వస్తుంది.

పక్కవాడి కాపురం సమస్య లినక్స్‌ని కూడా వదల్లేదు. 64 బిట్ ఆర్మ్ మీద ఎవరైనా కెర్నల్‌ని 8 బైట్లు అడిగినా 128 బైట్ల ముక్క ఇచ్చేది. ఎందుకంటే ఆ 8 బైట్లనే రేపు ఏ డ్రైవరో డీఎంఏకి ఇచ్చిందనుకోండి, అదే లైనులో ఇంకొకరి డేటా ఉండకూడదు. అంత మెమరీ వృథా. 2023 ఆగస్టులో వచ్చిన లినక్స్ 6.5లో దీన్ని మార్చారు. చిన్న ముక్కలు చిన్నగానే ఇస్తారు. అలాంటిది డీఎంఏకి వస్తే, వేరే సురక్షితమైన చోటికి కాపీ చేసి అక్కడి నుంచి పంపుతారు.

ఒక మాట మాత్రం చెప్పాలి. మీ గ్యాలరీలో ఫోటో సగం బూడిద రంగులోకి మారితే వెంటనే డ్రైవర్‌ని తిట్టకండి. చాలాసార్లు కార్డే అరిగిపోయి ఉంటుంది, లేదా సంతలో కొన్న నకిలీ కార్డు అయి ఉంటుంది. క్యాష్ తప్పుకి వేరే గుర్తులుంటాయి. పాడైన ముక్క 32 లేదా 64 బైట్ల లెక్కలో ఉంటుంది. అందులో ఉన్నది చెత్త కాదు, నిన్నటి డేటా. చదివేటప్పుడు జరిగిన తప్పయితే ఫోన్ రీస్టార్ట్ చేస్తే ఫోటో తిరిగొస్తుంది, ఎందుకంటే కార్డు మీద మంచిదే ఉంది. రాసేటప్పుడు జరిగితే ఇక రాదు.

పాలదీ రాసేటప్పుడు జరిగిన తప్పే. కార్డులన్నీ వెతికినా పోయిన పూటలు ఎక్కడా లేవు. కొత్త కోడ్ ఎక్కించాక లెక్కలు ఆగకుండా సరిపోతున్నాయి. పాతవాటికి మాత్రం ఒక్కటే సాక్ష్యం, చిట్టీ. పెద్దనాయిన బిస్కెట్ డబ్బాలోంచి 11 చిట్టీలు తీశాడు. సెంటర్ అన్న ఒక్కోటి రిజిస్టర్‌లో రాసుకుని, తర్వాతి బిల్లులో డబ్బు కలిపించాడు. పక్కింటి పిన్నికి నాలుగు చిట్టీలే దొరికాయి. మిగతావాళ్లు చాలామంది చిట్టీని అక్కడే నలిపి పారేసి వచ్చేవాళ్లు. వాళ్ల పాలు ఎన్ని పోయాయో తేల్చే దారి లేదు.