చూసిన బంతి చేతికి ఎందుకు అందలేదు?

పోయిన నెల బాస్కెట్‌బాల్ ఆడుతుంటే బంతి వచ్చి నా ముక్కుకి తగిలింది. అందరూ "మొద్దు" అని నవ్వారు. జట్టులోంచి కూడా తీసేశారు. బంతి నాకు కనపడింది, కానీ చెయ్యి లేవలేదు. ఎందుకని పి.ఇ.టి. మేడమ్‌ని అడిగాను. తెలుసుకున్నది రాస్తున్నాను.

కంటికి బంతి కనపడగానే ఆ కబురు నరాల గుండా మెదడుకు పోతుంది. మెదడు చేతికి ఆజ్ఞ పంపుతుంది. దీనికి పట్టే కాలమే ప్రతిచర్యా కాలం. మామూలుగా సెకనులో సుమారు ఐదో వంతు.

దీన్ని తగ్గించే సాధనకి ఇప్పుడు దీపాల పరికరాలు వచ్చాయి. గుండ్రటి చిన్న దీపాలను గోడకో నేల మీదో పెడతారు. ఏది ఎప్పుడు వెలుగుతుందో ఆడేవాళ్లకు తెలియదు. వెలిగినదాన్ని తట్టగానే ఆరిపోతుంది, పట్టిన సమయం యంత్రంలో నమోదవుతుంది. 2015, 2016లలో ఎన్.బి.ఎ. అత్యుత్తమ ఆటగాడైన స్టీఫెన్ కర్రీ ఒక చేత్తో బంతి కొడుతూ, రెండో చేత్తో ఇలాంటి దీపాలు తడుతూ సాధన చేశాడు. పచ్చది వెలిగితే కుడి చెయ్యి, ఎర్రది వెలిగితే ఎడమ చెయ్యి అని పెడితే ఇంకా కష్టం. ఎంచుకోవడానికి మెదడుకు ఎక్కువ సమయం కావాలి. ఆటలో కూడా పాస్ ఇవ్వాలా, బుట్టలో వెయ్యాలా అని ఎంచుకోవాలి కదా!

మన దగ్గర ఆ దీపాలు లేవు, స్కేలు ఉంది. నేస్తం 30 సెం.మీ. స్కేలును పైన పట్టుకోవాలి. మన వేళ్లు సున్నా దగ్గర, తగలకుండా ఉండాలి. ఆమె చెప్పకుండా వదులుతుంది, మనం పట్టుకోవాలి. 20 సెం.మీ. దగ్గర దొరికితే 0.20 సెకన్లు, 30 దగ్గరైతే 0.25 సెకన్లు. ఇది మన సైన్సు పాఠంలోని కిందపడే వస్తువుల లెక్కే. రెండు స్కేళ్లు పట్టుకొని ఒకటే వదిలితే ఎంచుకునే సాధన కూడా అవుతుంది.

మొదటిరోజు నాకు 27 వచ్చింది. ఇప్పుడు 19. కానీ నిద్ర చాలని రోజు మళ్లీ 26! వార్డెన్ మేడమ్ గారికి మనవి: ఆట ముందురోజు రాత్రి మమ్మల్ని తొందరగా పడుకోనివ్వండి.

ఇంకొక్క మాట. దీపమైనా స్కేలైనా చేతికి వేగం నేర్పుతాయి గానీ ఆట చూడడం నేర్పవు. మా తాత జొన్నచేలో మంచె మీద వడిసెల పట్టుకుని, పిట్టలు వాలేదాకా ఆగడు. గుంపు చేనువైపు తిరిగినప్పుడే రాయి విసురుతాడు. అలాగే ఎదుటి పిల్ల భుజం ఎటు తిరిగిందో చూస్తే బంతి ఎటు వస్తుందో ముందే తెలుస్తుంది. అది ఆడితేనే వస్తుంది.

ఆదివారం కోర్టు దగ్గరికి స్కేళ్లు తెచ్చుకోండి. నన్ను మొద్దు అన్నవాళ్లు కూడా రండి. కొలుద్దాం!

— 9వ తరగతి విద్యార్థిని