మీకు తెలుసా? మైలేజీ నుంచి సాహసం దాకా

1955 నుంచి మద్రాసులో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు తొలినాళ్లలో పెద్ద కొనుగోలుదారు సైన్యం. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 ‘ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్’ అంటూ మైలేజీని చాటింది. ఆ తర్వాత కంపెనీలు ప్రయాణాన్నే అమ్మకానికి పెట్టాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఏటా ‘హిమాలయన్ ఒడిస్సీ’ యాత్ర జరుపుతూ, 2016లో హిమాలయన్ బైకును తెచ్చింది. బండితోపాటు రైడింగ్ జాకెట్లు, చేతి తొడుగులు, సామాను పెట్టెలూ సరుకులయ్యాయి.

అయితే ప్రతి ప్రయాణానికీ ఇవన్నీ కావాలా? ఉదాహరణకు, బళ్లారి నుంచి గుంతకల్లు మీదుగా సాగే 67వ నంబరు జాతీయ రహదారి, గుత్తి దగ్గర హైదరాబాద్–బెంగళూరు రహదారిని కలుస్తుంది. ఈ మెట్ట నేలపై దూరప్రయాణానికి హిమాలయాల కోసం చేసిన బండే కావాలని లేదు. మామూలు బైకూ చాలు. జాకెట్లు, పెట్టెలు ఎవరిష్టం వారిది. నడిపేవారికీ, వెనక కూర్చునేవారికీ చట్టప్రకారం హెల్మెట్ మాత్రం తప్పనిసరి.