ఊపిరి ఆడితేనే ప్రాణం

మీ చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని చూడండి. రొమ్ము పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. నిద్రలో కూడా ఈ పని ఆగదు. తిండి లేకపోయినా మనిషి కొన్నాళ్లు బతుకుతాడు. గాలి లేకపోతే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. ఆ గాలిలో ఏముంది?

గాలిలో ఏముంది?

గాలి అంటే కొన్ని వాయువుల కలయిక. నూరు పాళ్ల గాలిలో 78 పాళ్లు నత్రజని. 21 పాళ్లు ప్రాణవాయువు. దీన్నే ఆక్సిజన్ అంటారు. పొయ్యిలో పుల్ల మండాలంటే గాలి తగలాలి కదా! ఒంట్లో కూడా అంతే. తిన్న అన్నం శక్తిగా మారాలంటే ఆక్సిజన్ కావాలి. కాకపోతే ఒంట్లో మంట ఉండదు. పని మెల్లగా జరుగుతుంది. అప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది ఒంట్లో నిలవ ఉండకూడదు, బయటికి పోవాలి. ప్రాణవాయువును తీసుకోవడం, బొగ్గుపులుసు వాయువును వదలడం - ఇదే ఊపిరి.

మనిషి ఊపిరి

గాలి ముక్కులోంచి వెళుతుంది. ముక్కులోని వెంట్రుకలు, తడి కలిసి దుమ్మును ఆపుతాయి. అక్కణ్ణించి గాలి గొంతులోని గొట్టంలోకి దిగుతుంది. ఆ గొట్టం రెండు కొమ్మలుగా చీలి రెండు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ ఇంకా సన్నని కొమ్మలవుతుంది. కొమ్మల చివర గాలి బుడగల్లాంటి చిన్న సంచులుంటాయి. అవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. వాటి గోడలు చాలా పల్చన. ఆ గోడల్లోంచే ఆక్సిజన్ రక్తంలో కలుస్తుంది. బొగ్గుపులుసు వాయువు రక్తంలోంచి బయటికి వస్తుంది. అందుకే మనం వదిలే గాలిలో ఆక్సిజన్ సుమారు 16 పాళ్లే ఉంటుంది.

తిత్తి అంటే తోలుసంచి. కమ్మరి కొలిమితిత్తిని చూశారా? తిత్తి సాగితే గాలి లోపలికొస్తుంది. నొక్కితే బయటికి పోతుంది. ఊపిరితిత్తులూ అంతే. రొమ్ముకీ పొట్టకీ మధ్య గొడుగులాంటి కండ ఒకటి ఉంది. అది కిందికి దిగితే ఊపిరితిత్తులు సాగుతాయి. పైకి లేస్తే ముడుచుకుంటాయి. పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి పీలుస్తారు. బస్తా మోస్తే ఎక్కువసార్లు పీలుస్తారు. పొయ్యి పొగ, చుట్ట పొగ ఈ గాలి సంచుల్నే పాడుచేస్తాయి.

చేపకు ఊపిరి ఎలా?

చేప నోటితో నీళ్లు తీసుకుని మొప్పల్లోంచి వదులుతుంది. మొప్పలు ఎర్రగా ఉంటాయి. వాటి నిండా రక్తం ఉంటుంది. నీళ్లలో కలిసి ఉన్న ఆక్సిజన్ను ఆ రక్తం పీల్చుకుంటుంది. అయితే నీళ్లలో ఉండే ఆక్సిజన్ చాలా తక్కువ. గాలిలో ఉన్నదానిలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు.

భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువుల రైతులకు తెల్లారుజామంటే భయం. చెరువు నీళ్లలో కంటికి కనపడనంత చిన్న పచ్చని మొక్కలుంటాయి. పగలు ఎండలో అవి ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి ఎండ ఉండదు. ఆ మొక్కలూ, చేపలూ, అడుగున కుళ్లే మేతా అందరూ కలిసి ఆక్సిజన్ వాడేస్తారు. తెల్లారేసరికి అది అడుగంటుతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే మరీ కష్టం. అప్పుడు బొచ్చె, శీలావతి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకే రైతులు నీళ్లను చిలికే ఏరియేటర్లు తిప్పుతారు. కొత్త నీళ్లు పెడతారు. మేత ఆపుతారు.

మరి కొరమీను సంతలో చారెడు నీళ్లలో ఎలా బతికి ఉంటుంది? దానికి మొప్పలతో పాటు తలలో గాలి గది కూడా ఉంది. అది పైకొచ్చి గాలినే మింగుతుంది.

మిగతా ప్రాణులు

వానపాము చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది. చర్మం ఎండితే చచ్చిపోతుంది. కప్పకు ఊపిరితిత్తులున్నాయి, తడి చర్మమూ పనిచేస్తుంది. బొద్దింకకు ఒంటి పక్కన చిన్న రంధ్రాలున్నాయి. గాలి వాటిలోంచి నేరుగా లోపలికి పోతుంది.

చెట్లు కూడా రాత్రీ పగలూ ఊపిరి తీసుకుంటాయి. ఆకుల్లో చిన్న రంధ్రాలున్నాయి. వేళ్లకూ గాలి కావాలి. అందుకే నీళ్లు నిలిస్తే మిరప మొక్క వాడిపోతుంది. వరి వాడదు. ఎందుకు? వరి కాడలో, వేళ్లలో సన్నని గాలి దారులున్నాయి. ఆకు పీల్చిన గాలి ఆ దారుల్లో వేళ్లకు దిగుతుంది. గోదావరి వరదలో ఆకులు కూడా చాలా రోజులు మునిగితే వరి కూడా కుళ్లుతుంది. కాకినాడ దగ్గర కోరంగి అడవిలో మడ చెట్లున్నాయి. బురదలో గాలి ఆడదు. అందుకని కొన్ని మడ చెట్ల వేళ్లు బురదలోంచి పైకి మేకుల్లా లేచి గాలి పీలుస్తాయి.

పాడుపడ్డ నూతిలో దిగకండి

చెరువులో చేపకు జరిగేదే నూతిలో మనిషికీ జరుగుతుంది. వాడకుండా వదిలేసిన నూతిలో ఆకూ అలమూ కుళ్లుతుంది. ఆ కుళ్లు ఆక్సిజన్ను తినేస్తుంది. బొగ్గుపులుసు వాయువు మామూలు గాలికంటే బరువు. అది అడుగునే నిలిచి ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దిగినవాడు అరవడానికి కూడా వీల్లేకుండా పడిపోతాడు. పైనున్నవాడు "అయ్యో, తమ్ముడు పడిపోయాడు" అని దిగుతాడు. వాడూ పడిపోతాడు. ఇలా ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతారు.

పూర్వం దీపం దింపి చూసేవారు. దీపం ఆరితే దిగేవారు కాదు. కానీ దీపం వెలిగినంత మాత్రాన నమ్మకూడదు. విషవాయువు ఉన్నా దీపం వెలగవచ్చు. మరుగుదొడ్డి ట్యాంకు దగ్గర దీపం అసలు పెట్టకూడదు. అక్కడి వాయువు అంటుకుంటుంది. ఆ ట్యాంకుల్లోకి రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

గుర్తుంచుకోండి

- పాడుపడ్డ నూతిలోకి, ట్యాంకులోకి దిగకండి, ఎవర్నీ దింపకండి.
- ఎవరైనా పడిపోతే వెనకే దూకకండి. అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108 ఫోన్ చెయ్యండి.
- వంటింటి పొగ బయటికి పోయేలా చూసుకోండి.
- రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుకోండి. అది ఉచితం.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో వాడని నుయ్యి ఎక్కడుంది? దానికి మూత ఉందా?
2. మబ్బు పట్టిన మర్నాడు చేపలు ఎందుకు పైకొస్తాయి?
3. మిరపకు లేనిది, వరికి ఉన్నది ఏమిటి?