16 డిగ్రీల వంపు

కొలతలు తీసుకుంటున్న దర్జీ "అమ్మా, పాపకి ఎడమ భుజం కాస్త దిగినట్టుంది, చూశారా?" అంటాడు. లేదా జడ వేస్తున్న అమ్మమ్మ చేతికి కుడి భుజం వెనక ఎముక కొంచెం ఎత్తుగా తగులుతుంది. పిల్లకి నొప్పి లేదు, నడకలో తేడా లేదు. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఎక్స్‌రే తీయించి, "స్కోలియోసిస్, 16 డిగ్రీలు, మైల్డే, మందేమీ అక్కర్లేదు, ఆరు నెలలకి మళ్లీ రండి" అని పంపేస్తారు. ఇంటికొచ్చాక అసలు గాభరా మొదలవుతుంది. జబ్బు పేరు చెప్పి మందు రాయకపోవడమేమిటని పెద్దవాళ్లకు అనుమానం. నాకు గూని వచ్చేస్తుందా అని పిల్లకు భయం.

ఆ ఆరు నెలలు ఆగడమే ఇక్కడ వైద్యం. ఎందుకో తెలియాలంటే స్కోలియోసిస్ అనే ఈ వెన్ను వంపుకి 16 అన్న అంకె ఎలా వచ్చిందో ముందు చూడాలి.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంపుకి పైకొసన బాగా ఒరిగిన వెన్నుపూస ఒకటి, కిందికొసన బాగా ఒరిగినది ఒకటి ఎంచుకుంటారు. పై పూసకి పైఅంచు వెంట ఒక గీత, కింది పూసకి కిందిఅంచు వెంట ఒక గీత గీస్తారు. ఆ గీతల మధ్య కోణమే కాబ్ కోణం. జాన్ రాబర్ట్ కాబ్ అనే అమెరికన్ వైద్యుడు 1948లో వివరించిన పద్ధతి ఇది. కోణం కనీసం 10 డిగ్రీలుంటేనే స్కోలియోసిస్ అంటారు. 10 నుంచి 25 లోపు తక్కువ వంపు. అయితే ఏ పూసని ఎంచుకోవాలో, గీత ఎక్కడ పడాలో చూసేవారి కంటిని బట్టి కాస్త మారుతుంది. ఒకే ఎక్స్‌రేని ఒకే డాక్టరు రెండుసార్లు కొలిచినా 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు. అందుకే ఈసారి 16, వచ్చేసారి 19 అని రాస్తే వంపు పెరిగిపోయిందని ఏడవక్కర్లేదు. పాత ఫిల్ములన్నీ దాచి ప్రతిసారీ తీసుకెళ్లండి. పక్కపక్కన పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.

కాబ్ కోణం చెప్పేది పక్కకి పోయిన వంపు ఒక్కటే. నిజానికి వెన్ను పక్కకి ఒంగుతూనే, పిండిన తువ్వాలులా మెలి కూడా తిరుగుతుంది. పూస తిరిగితే దానికి అతుక్కున్న పక్కటెముకలూ తిరిగి వీపు మీద ఒకవైపు ఎత్తుగా లేస్తాయి. నిలబడితే తెలియని ఆ ఎత్తు, కాళ్లు కలిపి, మోకాళ్లు వంచకుండా, అరచేతులు జోడించి ముందుకు వంగితే బయటపడుతుంది. ఆడమ్స్ పరీక్ష అంటే ఇదే. దీని వెనక ఒక విచిత్రమైన కథ ఉంది. ఇగువానోడాన్ అనే రాక్షసబల్లిని 1825లో లోకానికి పరిచయం చేసిన ఇంగ్లండు వైద్యుడు గిడియన్ మాంటెల్ 1841లో గుర్రపుబండి ప్రమాదానికి గురయ్యాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నడుమునొప్పి అనుభవించాడు. 1852లో చనిపోయాక శవపరీక్ష చేసిన విలియం ఆడమ్స్‌కి లోపల తీవ్రమైన వంపు కనిపించింది. పూసలు మెలి తిరిగిపోయినా, వీపు మీద చేతికి తగిలే మొనల వరుస మాత్రం పెద్దగా చెదరలేదు. పైకి తెలియకుండా లోపల ఇంత వంపు ఉండగలదన్న మాట! దాన్ని పట్టుకోవాలంటే మనిషిని ముందుకు వంచి చూడాలని ఆడమ్స్ 1865లో తన పుస్తకంలో చెప్పాడు. మన ఇంట్లో, బడిలో పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన పరీక్ష అది.

ఇక "ఎందుకొచ్చింది" అన్న ప్రశ్న. పదేళ్లు దాటిన పిల్లల్లో వచ్చే వంపుల్లో చాలావాటికి కారణం ఇదీ అని ఎవరూ చెప్పలేరు. జన్యువుల పాత్ర ఉందని తెలుసు. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఎల్‌బిఎక్స్1 అనే జన్యువు దగ్గరి తేడాలకీ దీనికీ సంబంధం ఉందని కనిపెట్టారు. ఇంట్లో ఒకరికి ఉంటే తోబుట్టువులనీ ఓసారి వంచి చూడటం మంచిది. కానీ బడి సంచి బరువు వల్ల ఇది రాదు. ఫోన్ చూస్తూ ఒంగి కూర్చున్నందుకు రాదు, ఒకే పక్కకి పడుకున్నందుకూ రాదు. ఈ మాట నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మన ఇళ్లలో రోజుకి ఇరవైసార్లు "నిటారుగా కూర్చో, అందుకే ఇలా అయింది" అంటాం. తన తప్పు లేనిదానికి ఆ పిల్ల తనని తానే నిందించుకుంటుంది. చున్నీ సర్దుకుంటూ, ఫొటోల్లో వెనక వరసలో నిలబడుతూ పెరుగుతుంది. నూరుమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఈ వంపు ఉంటుంది. అయిదువందల మంది చదివే హైస్కూల్లో పదీ పదిహేనుమంది ఉంటారు. తను ఒక్కతే కాదని ఆ పిల్లకి ఎవరైనా చెప్పాలి.

అంకె కంటే ముఖ్యమైనది ఇంకెంత ఎదుగుదల మిగిలి ఉందన్నది. వంపు పెరిగేది ప్రధానంగా ఒళ్లు సాగే రోజుల్లోనే. అందుకే అదే ఎక్స్‌రేలో కటి ఎముక పైఅంచున కొత్త ఎముక ఎంతవరకు పరుచుకుందో చూసి 0 నుంచి 5 దాకా అంకె వేస్తారు. దాన్ని రిస్సర్ అంటారు. 0 అంటే ఎదుగుదల చాలా ఉంది, 5 అంటే అయిపోయింది. 1984లో వెలువడిన లాన్‌స్టీన్, కార్ల్‌సన్‌ల అధ్యయనంలో 20 డిగ్రీల లోపు వంపు ఉండి రిస్సర్ 0 లేదా 1లో ఉన్న పిల్లల్లో 22 శాతం మందికి వంపు పెరిగింది. రిస్సర్ 2 నుంచి 4 వరకు ఉన్నవాళ్లలో 1.6 శాతం మందికే పెరిగింది. అంటే 16 డిగ్రీలే ఉన్నా, పదకొండేళ్ల పిల్లని, ఇంకా పెద్దమనిషి కాకపోతే, జాగ్రత్తగా గమనించాలి. పదహారేళ్ల పిల్ల విషయంలో దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. డాక్టరుని అడగాల్సిన మొదటి ప్రశ్న "రిస్సర్ ఎంత?" అన్నది. రెండోది, ఎక్స్‌రే వీపు వైపు నుంచి తీస్తున్నారా అన్నది. అలా తీస్తే ఎదిగే రొమ్ములకి రేడియేషన్ తక్కువ తగులుతుంది. ఇంట్లో మూడు నెలలకోసారి గోడ మీద గీత పెట్టి ఎత్తు రాసుకుంటే, ఒళ్లు ఎప్పుడు సాగుతోందో డాక్టరుకీ తెలుస్తుంది.

ఎదుగుదల మిగిలుండగా వంపు 25 దాటితే బ్రేస్ అనే ప్లాస్టిక్ తొడుగు పెడతారు. అది పనిచేస్తుందా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2013లో వచ్చిన ఒక పెద్ద అమెరికా, కెనడా పరిశోధన దాన్ని తేల్చింది. బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి, వేసుకోనివాళ్లలో 48 శాతం మందికి వంపు 50 డిగ్రీలకి చేరకుండానే ఎదుగుదల పూర్తయింది. రోజుకి 13 గంటలకి తక్కువ కాకుండా వేసుకున్నవాళ్లలో దాదాపు 90 శాతం మంది గట్టెక్కారు. మన ఎండల్లో ఆ ప్లాస్టిక్ తొడుగు ఎంత ఉక్కపెడుతుందో ఊహించుకోవచ్చు. లోపల పలుచటి నూలు బనియను తప్పనిసరి. 16 డిగ్రీల పిల్లకి మాత్రం అది అక్కర్లేదు. నడుము బెల్టులు, మర్దనాలు, "వంపు తీసేస్తాం" అనే ప్రకటనల జోలికి అసలు పోవద్దు. వాటితో వంపు సరైనట్టు రుజువు లేదు. వ్యాయామం వేరు. జర్మనీలో తనకే ఈ వంపు ఉన్న కాథరీనా ష్రాత్ 1921లో మొదలుపెట్టిన శ్వాస, భంగిమల సాధన ఇప్పటికీ చాలాచోట్ల నేర్పుతున్నారు. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు దొరికితే నేర్చుకోవచ్చు.

ఆటలు మానాల్సిన పని లేదు. కబడ్డీ, కూచిపూడి, ఈత, సైకిలు, ఏవైనా సరే. 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్ట్‌కి స్కోలియోసిస్ ఉందని ఆయనే చెప్పాడు. పెళ్లి, పిల్లల సంగతి ఇంట్లో ఎవరూ పైకి అడగరు కానీ అందరి మనసులోనూ ఉంటుంది. ఏ చికిత్సా పొందని 117 మందిని అయోవాలో 50 ఏళ్లపాటు గమనించి 2003లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో చాలామంది వంపులు 16 కంటే ఎంతో పెద్దవి. అయినా వాళ్లూ మిగతావాళ్లలాగే ఉద్యోగాలు చేశారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. నడుమునొప్పి మాత్రం తోటివాళ్లకంటే కొంత ఎక్కువ.

రాత్రి నిద్రలేపేంత నొప్పి వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆరు నెలల గడువు కోసం చూడొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అలాంటప్పుడు ఎంఆర్‌ఐ తీసి వెన్నుపాముని చూడాల్సి రావచ్చు.