వేడెక్కిన కారు రేడియేటర్ మూత ఎందుకు తీయకూడదు?

ఎండాకాలం ఘాట్ రోడ్డెక్కుతుంటే కారు ముందు నుంచి ఆవిరి వస్తోంది. నాన్న బండి ఆపారు, కానీ రేడియేటర్ మూత ముట్టుకోనివ్వరు. ఎందుకని?

ఇంజిన్ వేడిని మోసుకొచ్చే నీళ్లు రేడియేటర్ సన్నని గొట్టాల్లో గాలికి చల్లబడి, మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్తాయి. ఆ మూత ప్రెషర్ కుక్కర్ మూతలాంటిది. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీశారో, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. నీళ్లు సలసలా మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. అందుకే ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాలి.

ఇంకో వింత! బండి ఆపే చోటు దొరికేలోగా ఏసీ ఆపి హీటర్ వేస్తారు. ఎండలో హీటరా? అవును, అది ఇంజిన్ వేడిలో కొంత మీ వైపు లాగేస్తుంది. కిటికీలు దించుకోండి మరి.